గోరువంక మెచ్చిన తాబేలు

అవతలి ఒడ్డున నేరేడు పళ్ళు రాలుతున్నాయని ఉడుతమ్మ పిల్లలు ఒకటే గోల. వీపున ఎక్కించుకుని వాగు దాటించే పనిలోకి ఆ ఏడే ఒక కుర్ర తాబేలు దిగింది. ఏటా తాబేళ్ళకు మార్కులు వేసి కొమ్మెక్కి చాటే గోరువంక దానికి పదికి పది వేసింది.

"ఇంకా ఎవరినీ దాటించలేదుగా, ఎలా వేశావమ్మా?" అని అడిగింది ఉడుతమ్మ.

"వాళ్ళ నాన్న ఇన్నేళ్ళలో ఒక్కరినీ ముంచలేదు. ఆ తండ్రి బిడ్డేగా ఇది" అంది గోరువంక.

ఉడుతమ్మ పిల్లల్ని గట్టునే కూర్చోబెట్టి, ముందు తానొక్కతే ఎక్కి, లోతు లేని చోట ఒక చుట్టు తిప్పమంది. కొంత దూరం బాగానే సాగింది. నీళ్ళ అడుగున నత్త కనబడగానే తాబేలు బుడుంగున మునిగింది. ఉడుతమ్మ తడిసి ముద్దై ఒడ్డుకు చేరింది.

తాబేలు సిగ్గుతో మెడ లోపలికి లాక్కుంది. "ఆకలేసిందత్తా. ఇక నా వీపెక్కవుగా?"

"ఎందుకెక్కనురా నాయనా. గోరువంక అబద్ధమేం చెప్పలేదు, మీ నాన్న సంగతి చెప్పింది. నీ సంగతి ఇప్పుడు తెలిసింది" అంది ఉడుతమ్మ తోక దులుపుకుంటూ. "ముందు కడుపునిండా తిను. తర్వాత ఇంకో చుట్టు తిప్పు. అప్పుడు చూద్దాం."

గట్టు మీద పిల్లలు అప్పటికే నత్తల కోసం వెతుకుతున్నారు.