గోడ అవతలి భాష

పరదేశమ్మ చెవి వెనక బిళ్ళ మళ్లీ ఎర్రబడింది. అరవై దాటిన వాళ్లందరికీ ప్రభుత్వం అంటించిన బిళ్ళ అది. రెండో భాష ఎంత మాట్లాడుతున్నారో, దానివల్ల మెదడు ఎంత చురుగ్గా ఉందో కొలుస్తుంది. వారమంతా ఎరుపే ఉంటే మతిమరుపు కేంద్రానికి తోలేస్తారు.

ఇచ్ఛాపురంలో ఆవిడకు ఒరియా నేర్పింది పక్కింటి కుంతల. నేర్పడమంటే, ఈవిడ పెరట్లోంచి గోడ మీదికి వాలిన ములగకొమ్మ గురించి రోజూ ఒరియాలో పోట్లాడేది. ఈమధ్యే కుంతల పోయింది. ఆవిడతోపాటే ఈవిడ ఒరియా కూడా పోయింది.

కోడలు ఝాన్సీ ఒరియా మాట్లాడే పెట్టె కొనుక్కొచ్చింది. అది తీయగా యోగక్షేమాలు అడిగితే పరదేశమ్మ దాన్ని పక్కకు నెట్టేసింది.

"నాకు ఒరియాలో తిట్టడమే వొచ్చు. మంచీ సెడ్డా మాట్లాడ్డం రాదే" అంది.

ఝాన్సీ ఊరుకునే రకం కాదు. కుంతల కొడుకును అడిగి వాళ్లమ్మ బిళ్ళ తెచ్చింది, అందులో నిలవున్న ఆవిడ గొంతును పెట్టెలోకి ఎక్కించి గోడ మీద పెట్టింది. పొద్దున్నే కుంతల కేకేసింది, కొమ్మ నరికేస్తానని. మనిషి పోయిందన్న సంగతి పరదేశమ్మ నోటికి గుర్తురాలేదు. కొంగు బిగించి, గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. బిళ్ళ పచ్చబడింది.

"పాసైపోనావత్తా!" అని చప్పట్లు కొట్టింది ఝాన్సీ.

పరదేశమ్మ గోడ దగ్గరే చెయ్యి చాపి నిలబడింది. తిట్లయ్యాక కుంతల ఎప్పుడూ తనవైపు కాసినవాటిలో నాలుగు ములక్కాడలు కోసి అందించేది. పెట్టె ఊరుకుంది.

"సచ్చిపోనదాన్ని తిట్టించేసినావు గదే నాసేత" అంది పరదేశమ్మ, చెయ్యి దించుకుంటూ. "రేపు కూడా తిట్టాలేటి?"

"రోజూ తిట్టాలత్తా."