బూట్లలో పేనిన కాగితం

"తలుపు రావడం లేదే! బయటినుంచి ఎవరో గడియ పెట్టారు," అన్నాను ఫోన్‌లో మా ఆవిడతో.

"గట్టిగా లాగండి. వానకి చెక్క ఉబ్బి ఉంటుంది."

లాగాను. కదల్లేదు. తలుపు కింది సందులోంచి వరద నీళ్లు గదిలోకి పాకుతున్నాయి. ఊరు కొత్త, హోటల్లో నాది కింది అంతస్తు. కరెంటు పోయింది. ఎంత అరిచినా పలికేవాడు లేడు.

ఫోన్ వెలుగు మంచం వైపు తిప్పి ఆగిపోయాను. స్నానానికి వెళ్లేముందు నా తడి బూట్లు అక్కడ ఆరబెట్టాను. ఇప్పుడు వాటి పక్కన ఇంకో జత ఉంది.

"ఎవరివో బూట్లున్నాయే ఇక్కడ."

"ముందు దిగినాయన మర్చిపోయుంటాడు. మీరు ఊరికో గొడుగు వదిలేసి రావడంలా?"

"వీటిలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆరడానికి లోపల కాగితం కుక్కారు."

ఆమె నవ్వు ఆగింది. "ఎలా కుక్కారు?"

"తాడులా పేని."

అలా పేనేవాడు మాకు తెలిసి ఒక్కడే. పోయిన వానాకాలం నాతో పంపులు అమ్మడానికి వచ్చి, వరదలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు.

వరండా నీళ్లలో ఉత్తికాళ్ల చప్పుడు. తలుపు దగ్గర ఆగింది. బయటి గడియ మెల్లగా జరుగుతోంది.

"ఎవరండీ అది?" చప్పుడు విని అడిగింది ఆమె.

"మీ అన్నయ్య."