పొట్టలో మోత

"ఏవండీ, మోగుతోంది! త్వరగా రండి!"

తల్లి కేకకి తండ్రి సగం గీసిన గడ్డంతో, మిగతా సగం నురగతో పరుగెత్తుకొచ్చాడు. వంటింట్లోంచి నాయనమ్మ గరిటెతో సహా వచ్చిపడింది. ముగ్గురూ మంచం మీది పాప పొట్ట మీదికి వంగారు. పాప ఎప్పటిలాగే తల గోడవైపు వాల్చి పడుకుని ఉంది.

కీ... కీ... కీ...

పాప పొట్టలో, చర్మం కింద, అరచేతిలో ఇమిడేంత గుండ్రటి పంపు పెట్టి వారం కూడా కాలేదు. పుట్టినప్పటి నుంచీ కర్రలా బిగుసుకుపోయిన ఒంట్లోకి అది చుక్క చుక్కగా మందు వదులుతోంది. ఏం మందో ఏమో, ఇల్లంతా నోరెళ్లబెట్టుకుని చూస్తోంది! నిన్న లాగు తొడగబోతే పాప మోకాలు మెత్తగా వంగింది. తల్లి ఆ లాగు పట్టుకుని అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. మనవరాలి పిడికిలి విచ్చుకోవడం చూసిన నాయనమ్మ ఏకంగా పంపుకే దండం పెట్టేసింది. ఇంటికెవరొచ్చినా ముందు పొట్ట చూపించమంటున్నారు.

అయితే ఆ పంపు మోగిందంటే గండమే. లోపల మందు అందడం లేదని లెక్క. ఉన్నట్టుండి మందు ఆగిపోతే ప్రాణం మీదికే వస్తుందని, ఇంటికి పంపే ముందు ఆసుపత్రి సిస్టర్ మరీ మరీ చెప్పింది. ఆ మోత ఎలా ఉంటుందో పాప పక్కనే కూర్చుని తన ఫోనులో రెండు మూడుసార్లు వినిపించింది కూడా.

"అదే మోత! అచ్చం అదే!" అంది తల్లి. "సిస్టర్‌కి ఫోన్ చెయ్యండి!"

తండ్రి స్పీకర్ పెట్టాడు. నురగంతా ఫోనుకి అంటుకుంది.

"కంగారు పడకండి. ఒళ్లు కాలుతోందా?" అడిగింది సిస్టర్.

"లేదండీ, చల్లగానే ఉంది."

"కాళ్లు మళ్లీ బిగుసుకుంటున్నాయా?"

తల్లి భయం భయంగా తడిమి చూసింది. "లేదు సిస్టర్. వెన్నలా ఉన్నాయి."

"అయితే కుట్లకి తగలకుండా, పొట్టకి దగ్గరగా చెవి పెట్టి వినండి."

తండ్రి ఊపిరి బిగబట్టి వంగాడు. మోత ఠక్కున ఆగిపోయింది. లేచి నిలబడ్డాడో లేదో మళ్లీ మొదలైంది.

కీ... కీ... కీ...

"అదేం చోద్యంరా! నిన్ను చూసి నోరు మూసుకుంటోందేమిటి ఈ మిషను?" అంది నాయనమ్మ.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో! సిస్టర్, మేం బయల్దేరుతున్నాం."

"సరే. నడుం వంగకుండా, ఒళ్లు మెలితిరగకుండా ఎత్తాలి. ఇద్దరూ పట్టుకోండి."

తండ్రి పాప వీపు కిందికీ, తల్లి తొడల కిందికీ చేతులు పోనిచ్చారు. తల్లికి దుఃఖం పొంగుకొచ్చింది. "ఇప్పుడిప్పుడే కదా నా బిడ్డ చేతికి మెత్తగా అందింది! దేవుడా, మళ్లీ కర్రని చేసి నా చేతుల్లో పెట్టకు!"

కీ... కీ... కీ... కీ...

"ఆగండాగండి!" అంది సిస్టర్ గబుక్కున. "ఎత్తకండి. ఎవ్వరూ మాట్లాడకండి. ఫోను పాప దగ్గర పెట్టండి."

ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. నాయనమ్మ గరిటెని గుండెకి హత్తుకుంది. మోత మాత్రం సాగుతూనే ఉంది. కాసేపు ఆగడం, మళ్లీ మొదలవడం.

"సిస్టర్? వింటున్నారా?" అడిగాడు తండ్రి.

"వింటున్నాను." సిస్టర్ గొంతు ఎందుకో మారింది. "పాపకి మాటలొచ్చా?"

"మాటలా? నా తల్లి నోట ఏడుపు తప్ప ఇంకో శబ్దమే వినలేదమ్మా ఇంతవరకూ! నాలుక కూడా కొయ్యబారిపోయి ఉండేది," నాయనమ్మ విసుక్కుంది. "పంపు మోగి ప్రాణాలు పోతుంటే ఇప్పుడెందుకమ్మా ఆ సంగతి?"

"పొట్ట సంగతి వదిలేసి ఒక్కసారి ముఖం ఇటు తిప్పి చూడండి మామ్మగారూ... పంపైతే మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకోదు!"