అణిమకు అర్థం

మురుగు పైపుల్లోకి దిగేవాళ్లకు ఇప్పుడు చిన్నగా అయిపోయే మందు ఇస్తున్నారు. పనయ్యాక మళ్లీ పెరగాలి. కరుణమ్మ మొగుడు ఏసోబు మాత్రం దిగినప్పుడల్లా కాస్త తక్కువే పెరుగుతూ, చివరికి బెత్తెడు మిగిలాడు.

“మానెయ్యవయ్యా,” అంది కరుణమ్మ, సీసా మూతలో అన్నం మెదిపి పెడుతూ.

“ఈ సైజుకి ఇంకెవరిస్తారే పని?”

పక్కనే కూతురు సునీల తెలుగు పాఠం వల్లె వేస్తోంది. “అణిమ అంటే, కోరుకున్నప్పుడు అణువంత చిన్నగా మారగల శక్తి. నీకున్నది అదేనా నాన్నా?”

“‘కోరుకున్నప్పుడు’ కొట్టెయ్ తల్లీ.”

సునీల పెన్సిలుతో కొట్టేసింది. “మరి ‘శక్తి’ ఉంచనా?”

బయట కంపెనీ బండి హారన్ మోగింది. కరుణమ్మ అతణ్ణి అరచేతిలోకి ఎత్తుకుంది. నిన్నటికన్నా తేలిగ్గా ఉన్నాడు.