నాలుగో చక్రం

వీరభద్రం ఆ బుల్లి మిలిటరీ జీపును పొద్దుటినుంచి వదలడం లేదు. కొత్తగూడెంలో కొన్న చవకరకం ప్లాస్టిక్ కిట్టు. అతికించడం గంటలో అయిపోయింది. ఇప్పుడు పాత టూత్‌బ్రష్‌తో దానికి ఎర్రమట్టి పొడి పూస్తున్నాడు. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, లేచి గుమ్మంలోకి వెళ్లి చూసి వస్తున్నాడు.

"కొత్త బండికి మట్టి పూసుడేందయ్యా?" అంది భార్య సుగుణ.

"అడివిలకు పోయి తిరిగొచ్చినట్టు కనపడాలె."

అతను పోలీసు జీపు డ్రైవరు. పోయిన నెల అతను జ్వరంతో ఇంట్లో ఉన్న రోజే ఆ జీపు అడవి దారిలో మందుపాతర పేలి తునకలైంది. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. రేపు స్టేషనుకు కొత్త జీపు వస్తుంది. అతనే నడపాలి.

అతన్ని నవ్విద్దామని సుగుణ పెరట్లోంచి నాలుగు నిమ్మ పిందెలు కోసుకొచ్చింది. "కొత్త బండి గదా, తొక్కియ్యాలె" అంటూ చక్రానికొకటి పెట్టింది. మూడే చక్రాలున్నాయి. నాలుగో పిందె చేతిలో మిగిలిపోయింది.

"ఒకటి తక్కువొచ్చిందా ఏంది?" అంటూ కిట్టు డబ్బా వెతికింది.

వీరభద్రం చొక్కా జేబులోంచి చక్రం తీశాడు. "ఉంది. ఇది పెడితే బండి తయారైనట్టే గదా. తయారైతే పోవాలె."

సుగుణ ఆ చక్రాన్ని తీసుకుపోయి పోపుల డబ్బాలో వేసి, మూత గట్టిగా నొక్కింది.