ఎడమ పక్క మనిషి

మళ్లీ ఎడమ పక్కకే వచ్చి నిలబడ్డాడు, గ్రౌండంతా ఖాళీగా ఉన్నా ఈ మనిషికి నా పక్కే దొరుకుతుందా, బంతి నా దాకా రాకముందే కాలు అడ్డం పెడతాడు, నాకు ఆడటం రాదని నలుగురికీ చూపించడానికి కాకపోతే ఇంకెందుకు?

దశరథ్ సార్ ఈ ఆలోచనను మూడు వారాలుగా నములుతున్నాడు.

మహబూబ్‌నగర్‌లో ఆ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున ఆరింటికి వచ్చేవాళ్లంతా అరవై దాటినవాళ్లు. ఆడేది ఫుట్‌బాలే. కాకపోతే నడుస్తూ ఆడాలి.

రిఫరీ లేడు. పరుగెత్తినవాడు తనంతట తానే చెయ్యెత్తి, బంతిని అవతలి జట్టుకు ఇచ్చెయ్యాలి. ఒకరి పరుగును ఇంకొకరు ఎత్తిచూపకూడదు. ఈ నియమం పెట్టింది దశరథ్ సారే. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల తప్పులు పట్టీ పట్టీ ఆయనకు విసుగొచ్చింది.

జట్లు రెండు. షుగర్ జట్టు, బీపీ జట్టు. రెండూ ఉన్నవాళ్లు ఏ జట్టుకు మనిషి తక్కువైతే అటు పోతారు.

బెంజమిన్ కొత్తగా వచ్చిన రోజు, పాత బస్సు కండక్టర్ జంగయ్య అడిగాడు.

"అన్నా, నీకు షుగరా, బీపీనా?"

"రెండూ లేవన్నా."

"మరి మా తాన నీకేం పని? ఏదన్నొకటి తెచ్చుకొని రాపో."

అందరూ పకపకా నవ్వారు. బెంజమిన్ కూడా నవ్వాడు. రంగు అద్దాలు పెట్టుకున్న పొడుగు మనిషి. బీపీ జట్టులో ఒకరు తక్కువైతే అందులో చేరి, దశరథ్ సార్ ఎడమ పక్కన నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అక్కడే.

దశరథ్ సార్‌కు ఉన్నది బీపీ ఒక్కటే కాదు. ఏడాదిగా ఎడమ కన్ను మసకబారుతూ వచ్చింది. ఒకరోజు స్నానానికి పోయి కుడి కన్ను మూసి చూశాడు. ఎదురుగా ఉన్న నల్లా కనిపించలేదు. మళ్లీ ఎప్పుడూ అలా మూసి చూడలేదు.

ఈ సంగతి మిగతావాళ్లకు తెలిస్తే గట్టు మీద కూర్చోబెట్టి చేతికి చాయ్ ఇస్తారు. ఎంతో ప్రేమగా ఇస్తారు. ఆ గంట ఆట పోతే, తెల్లారి లేవడానికి ఆయనకు ఇంకో కారణం లేదు.

ఆ పొద్దున షుగర్ జట్టు లింగస్వామి బంతిని గట్టిగానే తన్నాడు. అది ఎటు పోయిందో దశరథ్ సార్‌కు తెలియలేదు. పక్కన దబదబమని అడుగులు వినిపించాయి. తిరిగి చూసేసరికి బంతి బెంజమిన్ ఛాతీకి తగిలి కింద పడుతోంది. అతను చెయ్యెత్తబోతున్నాడు.

"ఉరికిండు" అన్నాడు దశరథ్ సార్, వేలు చూపిస్తూ.

ఆ గ్రౌండ్‌లో ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

"అవ్ సార్, ఉరికిన" అంటూ బెంజమిన్ చెయ్యెత్తాడు.

"అంత ఉరకాలనుంటే కాలేజీ పోరగాండ్లతోని ఆడుకో. నా బంతి నాకు ఆడరాదా? రోగం లేదు, నొప్పి లేదు, గీ ముసలోళ్ల నడుమ నీ పహిల్వాన్‌గిరి ఎవలకు చూపిస్తున్నవ్?"

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు తన వైపు ఉన్నందుకు దశరథ్ సార్‌కు హాయిగా అనిపించింది.

బెంజమిన్ ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఆగిపోయాడు.

"తప్పైంది సార్" అని చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పన్నెండో రోజు బంతి వచ్చి దశరథ్ సార్ ఎడమ చెవి మీద తగిలింది. కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి.

"గంత పెద్ద బంతి వస్తుంటే ఎటు చూస్తున్నవ్ సార్?" అన్నాడు జంగయ్య.

"కండ్లల్ల ఎండ కొట్టింది."

సూర్యుడు ఆయన వీపు వెనక ఉన్నాడు.

సాయంత్రం అడ్రస్ కనుక్కొని బెంజమిన్ ఇంటికి వెళ్లాడు. క్షమించమనే మాట దారిలో ఒక్కసారి కూడా అనుకోలేదు. "మనిషి తక్కువైతున్నడు, రా" అంటే చాలనుకున్నాడు.

బెంజమిన్ భార్య స్వర్ణ టిఫిన్ గిన్నె పట్టుకొని తాళం వేస్తోంది.

"బెంజమిన్ లేడా అమ్మా?"

"దవాఖానల ఉన్నడన్నా. తుంటి బొక్క ఇరిగింది. గ్రౌండుకు పోవుడు బంద్ జేసి రోడ్డు పొంటి నడుస్తుండె. కుడి దిక్కు నుంచి ఆటో వచ్చింది, కనవడలే."

"ఎందుకు కనవడలే?"

"ఆయనకు కుడి కన్ను లేదు గదన్నా. ఎన్కట వెల్డింగ్ రవ్వ పడి పోయింది. అద్దాల ఎన్క ఉన్నది పెట్టుడు కన్ను. మీకెవ్వలకు చెప్పలేదా?"

దశరథ్ సార్ తల అడ్డంగా ఊపాడు.

"గాడ దశరథ్ సారని ఒకాయన ఉన్నడట. ఆయనకు ఎడమ కన్ను ఆనదట. మెడ తిప్పుడు చూసి మా ఆయన మొదటి దినమే పట్టిండు. 'ఆయన కుడి దిక్కు చూస్తడు, నేను ఎడమ దిక్కు చూస్త, ఇద్దరం గలిస్తె ఒక పురా మనిషి' అని మస్తు నవ్వేటోడు. ఆ సార్ మంచిగున్నడా అన్నా?"



"మంచిగనే ఉన్నడు."

"ఇగ ఈయనకైతే ఆట లేదన్నరు. పోయి చెప్త, మీ పేరేందన్నా?"

"గ్రౌండు కాడి మనిషి వచ్చిండని చెప్పమ్మా."

మరునాడు ఆట మధ్యలో దశరథ్ సార్ ఉన్నచోటే ఆగి చెయ్యెత్తాడు. బంతి ఎక్కడో లింగస్వామి దగ్గర ఉంది.

"నువ్వు ఉరకనే లేదు గద సార్" అన్నాడు జంగయ్య.

ఎత్తిన ఆ చేతిని నెమ్మదిగా దించి, అందరూ చూస్తుండగా, దశరథ్ సార్ తన కుడి కన్ను మూసుకున్నాడు.