రెండుసార్లు కొడితే

షెడ్డు షట్టర్ దించేశాక వీధి చప్పుళ్లన్నీ బయటే ఆగిపోయాయి. మెకానిక్ చెల్లెలు కారులో, స్టీరింగ్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆమె ఎదురుగా ఇంజిన్ లైటు పసుప్పచ్చగా వెలుగుతోంది.

"మీ బావ పోయిన రోజు నుంచీ ఇంతే అన్నయ్యా, ఆరదు. రేపు ఈ కారు కొనేవాళ్లు వస్తారు. ఇది కళ్లముందు ఉన్నన్నాళ్లూ నాకు నిద్ర పట్టదు."

అతను కారుకు స్కానర్ తగిలించి చూశాడు. ఏ లోపమూ లేదని చూపించింది. లోపం లేకుండా లైటెందుకు వెలుగుతుందని విసుక్కుంటూ బానెట్ ఎత్తాడు.

"బానెట్ మీద రెండుసార్లు కొడతాను. అప్పుడు స్టార్ట్ చెయ్యి," అని, బెల్టు పక్కనున్న వైర్లు చూడటానికి చేతులు రెండూ లోపల పెట్టాడు.

ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది. వెంట్రుకవాసిలో వేళ్లు దక్కాయి.

"ఆపు! ఎందుకు స్టార్ట్ చేశావే?"

"నువ్వే కదా కొట్టావు!"

అతను కొట్టనే లేదు. చుట్టూ చూశాడు. షెడ్డులో మూడో మనిషి లేడు. ఆ మాట చెల్లెలితో అనలేక, "ఇంకమీదట చప్పుడు పట్టించుకోకు. నేను నోటితో చెబితేనే తాళం తిప్పు," అన్నాడు.

ఇంజిన్ ఆగాక మళ్లీ వంగితే, జేబులోని స్పానర్ జారి బెల్టు వెనక పడింది. దాన్ని తియ్యడానికి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

చెవి పక్కనే ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆ, చెల్లెమ్మా, స్టార్ట్ చెయ్యి."

అచ్చం అతని గొంతే. అతను మాత్రం నోరు తెరవలేదు.

"అలాగే అన్నయ్యా," అంది చెల్లెలు.